పదకొండు బండల దూరం

నేను ఒక మిద్దెను. మిద్దె అనగానే పట్నంలో కనిపించే మేడ అనుకునేరు, నాకంత పొగరు లేదు. సీమలో నల్లగుట్లపల్లె అనే ఊళ్లో రాయీ మట్టీ కలిపి కట్టిన రైతిల్లు నేను. నా కప్పు కూడా మట్టే, చదునుగా ఉంటుంది. నాలో సగం మనుషులది, సగం ఎద్దులది. ఎద్దులుండే సగాన్ని కొట్టం అంటారు. ఇంటికీ కొట్టానికీ నడుమ ఒక గోడ, ఆ గోడకు ఒక చిన్న తలుపు. ఆ తలుపు గడియ ఇంటివైపే ఉంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

ఈ మధ్యే నా తలవాకిలి పక్కన నల్లరాతి పలక ఒకటి పాతారు. "నూట పదేళ్ల చారిత్రక కట్టడం. బాలిరెడ్డి గారు నిర్మించినది" అని దానిమీద చెక్కించారు. బాలిరెడ్డి గారు నిర్మించారట! ఆ మహానుభావుడు వేపచెట్టు కింద నులకమంచం వాల్చుకుని, తాంబూలం నములుతూ, "ఊఁ, కానియ్యండ్రా" అన్నాడు. ఆయన చేసిన నిర్మాణం అంతే. పునాది మొదలు పిట్టగోడ దాకా ఆయన చెయ్యి తగిలిన రాయి నాలో ఒక్కటుంటే చూపించండి, ఇప్పుడే కూలిపోతాను.

గోడలకు చెవులుంటాయని మీరే అంటారు. ఉంటాయి. నోరు లేకపోబట్టి మీరంతా పరువుగా బతికేశారు. ఇవాళ నాకు నోరొచ్చింది, వినండి.

నన్ను కట్టింది గేరి మనుషులు. ఊరికి ఎడంగా, వంక అనే చిన్నవాగు అవతల ఉంటుంది మాదిగ గేరి. అక్కడి మద్దిలేటి అనేవాడి తాత, ఇంకో పదిమంది కలిసి గుట్ట నుంచి రాయి మోశారు. మట్టిని గుంతలో పోసి, కొర్రగడ్డి కలిపి, నీళ్లు కొట్టి, తొమ్మిది రోజులు తొక్కారు. మట్టి తొక్కడమంటే ఏమనుకున్నారు? మోకాళ్ల దాకా దిగబడి, పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఎద్దుల్లాగా తిరగాలి. ఎద్దులతో తొక్కించవచ్చు కదా అని ఎవరో అంటే, "ఎద్దులు అలిసిపోతాయిరా" అన్నాడట బాలిరెడ్డి. గోడలు లేచాక రాతికంబాల మీద వేప దూలాలు పరిచారు, దూలాల మీద దంతెలు వేశారు. దంతెలంటే సన్నటి అడ్డకర్రలు. వాటిమీద వెదురుతడికలు, చెదలు రాకుండా వేపాకు, ఆపైన జానెడు మందాన మట్టి. వెలుతురు కోసం, పొగ పోవడం కోసం కప్పులో అక్కడక్కడా గుండ్రటి రంధ్రాలు ఉంచారు. వాటిని గవాక్షులంటారు, మా ఊరి నోట గవాచిలు. నేలకు నాపబండలు పరిచారు. తలవాకిలి గడప నుంచి కొట్టంలోకి పోయే ఆ చిన్న తలుపు దాకా ఒకే వరసలో పదకొండు బండలు.

అన్నాళ్లూ వాళ్లు నాలో అన్ని గదుల్లోనూ తిరిగారు. దేవుడిల్లు మెత్తింది కూడా వాళ్ల చేతులే. మధ్యాహ్నం ఎండకు అక్కడే పడుకుని కునుకు తీసినవాళ్లూ ఉన్నారు. తర్వాత ఒక మంచిరోజు చూసి బాలిరెడ్డి పసుపునీళ్లు చల్లించి, ఆవుదూడను తిప్పి, పాలు పొంగించాడు. ఆ పూట నుంచి వాళ్లు నా గడప తొక్కకూడదు. వాళ్ల కాళ్లు తొక్కిన మట్టి మాత్రం దేవుడి వెనక గోడై నిలబడి రోజూ హారతి పుచ్చుకుంటుంది. మట్టికి మైల లేదు, తొక్కిన కాలికి మాత్రమే ఉందట. నాకీ లెక్క ఇప్పటికీ అర్థం కాలేదు. నేను మట్టిని కదా, బుర్ర తక్కువ.

అయితే నన్ను కట్టేసి చేతులు దులుపుకుంటే కుదరదు. మట్టికప్పుకు ఏటా చౌడు వెయ్యాలి. చౌడంటే పంట పండని ఉప్పునేలలో పైకి తేలే తెల్లటి మన్ను. దాన్ని కప్పు మీద నాలుగు వేళ్ల మందాన పరిచి, అణిచి, వాలు తీస్తే తొలి చినుకుకే మెత్తబడి కరుచుకుంటుంది. ఇక ఆకాశం విరిగిపడ్డా చుక్క లోపలికి దిగదు. ఎండాకాలం పోతూ పోతూ, మృగశిర కార్తె రాకముందే ఆ పని అయిపోవాలి. ఆ పని తరతరాలుగా మద్దిలేటి ఇంటివాళ్లది. కొట్టం వెనకగోడకు నిచ్చెన వేసుకుని బయటి నుంచే కప్పెక్కేవాళ్లు. గమనించారా? దేవుడి నెత్తిమీద నడవవచ్చు, ఎవరికీ అభ్యంతరం లేదు. గడప దాటి దేవుడి ముందు నిలబడితేనే కొంప మునుగుతుంది.

మద్దిలేటికి పెళ్లయి ఓబులమ్మ వచ్చింది. అప్పటికి బాలిరెడ్డి పోయాడు, ఆయన మనమడు గంగిరెడ్డి పెత్తనం. మద్దిలేటి కొట్టంలో జీతగాడు. ఎద్దులకు మేత వెయ్యడం, పేడ ఎత్తడం, రాత్రిళ్లు అక్కడే పడుకోవడం వాడి పని. చౌడు పని ఓబులమ్మది. ఆమెలాంటి పనిమంతురాలిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాత చూడలేదు. వంకగట్టున చౌడు తవ్వేముందు చిటికెడు తీసి నాలుక మీద వేసుకునేది. కళ్లు మూసుకుని కాసేపు చప్పరించేది. ఉప్పు ఎక్కువైతే వానకు కరిగిపోతుంది, తక్కువైతే ఎండకు బీటలిస్తుంది. "ఇది కాదు" అని ఉమ్మేసి నాలుగడుగులు జరిగి మళ్లీ రుచి చూసేది. నాలుక మీద మన్ను పెట్టుకుని నా కడుపు చల్లగా ఉంచిన మనిషి. ఆమె చౌడు వేసిన పదహారేళ్లలో నా లోపల ఒక్క గోడ చెమర్చలేదు.

ఆమె నా లోపలిని చూసింది గవాచిలోంచి మాత్రమే. చౌడు పరుస్తూ పరుస్తూ వంటింటి మీదికొచ్చి, రంధ్రం మీద వంగి తొంగిచూసేది. కింద గంగిరెడ్డి భార్య కాంతమ్మ పొయ్యి దగ్గర ఉండేది.

"ఏమే ఓబీ, నీ నీడ నా చట్లో పడుతాంది. ఏం చూస్తాండావే?"

"నీ చట్లో ఏముందో చూస్తాండా రెడ్డమ్మా."

"ఉలవచారు. నీ ముక్కు పనిచేయడంల్యా?"

"ముక్కు చేస్తాంది తల్లీ, నోరే ఖాళీగా ఉండాది."

కాంతమ్మ పకపకా నవ్వేది. పనయ్యాక కొట్టం వెనక సత్తుగిన్నెలో ఎత్తి పోసేది, రెండోసారి అడగకుండానే పోసేది. చేతులు తగలకుండా జానెడు ఎత్తు నుంచి పోసేదనుకోండి, అది వేరే సంగతి. ఒకరు కిందా ఒకరు పైనా ఉండి వాళ్లిద్దరూ చెప్పుకోని కష్టం లేదు. కాంతమ్మకు మూడో కాన్పు పోయినప్పుడు ఆ గవాచి దగ్గరే కూర్చుని ఓబులమ్మ కన్నీళ్లు పెట్టుకుంది, రెండు చుక్కలు కింద బండ మీద పడ్డాయి. కాంతమ్మ చెడ్డది కాదు. నిజంగా చెడ్డదై ఉంటే నాకింత బాధ ఉండేది కాదు, తిట్టేసి ఊరుకునేవాణ్ణి.

ఓబులమ్మకు ఒక్కతే కూతురు, ప్రమీల. పదేళ్లొచ్చాయి. పదేళ్లొస్తే చౌడుతట్ట ఎత్తుకోవాలి, అది వాడుక. ఓబులమ్మ అత్త, ఓబులమ్మ తమ తమ పుట్టిళ్లలో ఆ వయసుకే ఎత్తుకున్నారు. ఆ ఏడు మాత్రం ఓబులమ్మ ఒక్కతే వచ్చింది. గంగిరెడ్డి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"పిల్ల యాడే?"

"బడికి పంపిస్తాండా సామీ. పక్కూరి హాస్టల్లో చేర్చుకుంటామన్నారంట. అది నిచ్చెన ఎక్కదు. నేనుండాగదా, నేనొక్కదాన్నే ఏస్తా."

అంతే, ఆమె అన్నది అంతే. అందులో తిట్టు లేదు, ఎదురు లేదు. గంగిరెడ్డికి మాత్రం ఎక్కడో చుర్రుమంది. తన కొడుకు ఒకే తరగతి రెండోసారి చదువుతున్నాడు మరి. "చదివి ఏం ఊళ్లేల్తాదిలే" అని నవ్వాడు. ఓబులమ్మ నవ్వలేదు. "ఏలకపోయినా తట్ట మొయ్యదు గదా సామీ" అంది. ఆ మాటకు రెడ్డి మొహం మాడిపోయింది.

మరుసటి వారమే పట్నం నుంచి సిమెంటు మూటలు దిగాయి. "ఏటేటా వీళ్ల కాళ్లు పట్టుకునే బాధ ల్యాకుండా ఒక్క దెబ్బకు వదిలిస్తా" అని, నా మట్టికప్పు మీద మూడు వేళ్ల మందాన సిమెంటు పోయించాడు. గవాచిలు కూడా మూయించాడు. ఊరంతా వచ్చి చూసి, రెడ్డిది ఏం బుర్ర అని మెచ్చుకున్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు ఉంది నా పని. మట్టి ఊపిరి తీసుకుంటుందయ్యా! పొద్దున తడి లాక్కుని మధ్యాహ్నానికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు మూత పెడితే లోపలి తడి లోపలే ఉంటుంది. గవాచిలు లేక పొయ్యి ఆవిరి, ఎద్దుల ఊపిరి, అంతా పైకి పోయి దంతెలకు పట్టుకుంది. సిమెంటు ఎండకు సన్నగా బీటలిచ్చింది, ఆ బీటల్లో దిగిన వాననీళ్లు మళ్లీ పైకి రాలేదు. పైన చూస్తే అద్దంలాగా నున్నగా ఉన్నాను. లోపల కుళ్లిపోతున్నాను.

నాలుగేళ్లు అలా గడిచాయి. నాలుగో ఏడు కాంతమ్మ మిరపకాయలు ఆరబెట్టడానికి ఓబులమ్మను పిలిచింది. ఓబులమ్మ నిచ్చెనెక్కి కొట్టం మీద నాలుగడుగులు వేసి ఆగిపోయింది. మడమతో ఒకసారి తట్టింది. పక్కకు జరిగి మళ్లీ తట్టింది. పదహారేళ్లు నా మీద నడిచిన పాదం అది, నా సంగతి నాకంటే ముందు దానికి తెలిసింది. మిరపకాయలు అక్కడే వదిలేసి దిగి అరుగు దగ్గరికి పోయింది.

"సామీ, కొట్టం మీద బోలు సద్దొస్తాంది. దంతెలు మెత్తబన్నాయి. ఎద్దులు మేత తినే గాట్లో కర్రపొడి రాలుతాందని మా ఆయన గూడా అంటాండాడు. ఆ సిమెంటు పగలగొట్టించు సామీ, నేను ఊరికే చౌడేసిపెడ్తా."

గంగిరెడ్డి పక్కనున్నవాళ్ల వైపు తిరిగి కన్ను కొట్టాడు. "చూసినారా? పని పోయిందని కడుపుమంట. మంచి సిమెంటు మీద మన్ను పోస్తాదంట."

అందరూ నవ్వారు. చెప్పేది గేరి మనిషి, వినేది రెడ్డి. ఇక చెవికెక్కితేనా? ఓబులమ్మ మద్దిలేటిని కొట్టంలో పడుకోవద్దంది. "ఎద్దులు నాకు బిడ్డలే, వాటినొదిలి యాడ పండుకునేదే" అన్నాడు వాడు. ఆమె రోజూ పోరింది, వాడు రోజూ నవ్వాడు.

ఆశ్వయుజంలో ముసురు పట్టింది. మూడో రోజు, మధ్యాహ్నం భోజనాల వేళ. గంగిరెడ్డి పట్నంలో ఏదో పెళ్లికి పోయాడు, కొడుకూ ఆయన వెంటే. ఇంట్లో కాంతమ్మ ఒక్కతే. మద్దిలేటి కొట్టంలో ఎద్దులకు సొప్ప వేస్తున్నాడు, ఓబులమ్మ వాడికి సంగటి తెచ్చి వెనకవైపు చూరు కింద నిలబడింది. అప్పుడు నా నడిదూలం విరిగింది. ఆపుకోవాలని చూశాను. నమ్మండి, నా చేతనైనంత చూశాను. మట్టీ, సిమెంటు పెచ్చులూ, దంతెలూ అన్నీ కలిసి ఒక్కసారిగా పడ్డాయి. ఎద్దులు పలుపులు తెంచుకుని మూలకు నక్కాయి. మద్దిలేటి రొమ్ము మీద దూలం పడింది.

వాడు చావలేదు. పిలిచాడు. "ఓబులా!" అన్నాడు. మళ్లీ పిలిచాడు.

ఓబులమ్మ సంగటిముద్ద పారేసి కొట్టం వెనకవాకిలి తలుపు తోసింది. ఆ తలుపు లోపలికి తెరుచుకునేది, దానికి అడ్డంగా నడుమెత్తు మట్టి పడి ఉంది. భుజం పెట్టి గుద్దింది, కదల్లేదు. ఇక మిగిలింది ఒక్కటే దారి, ఇంట్లోంచి. తలవాకిలి, పదకొండు బండలు, చిన్న తలుపు. వానలో చుట్టూ పరిగెత్తుకొచ్చి నా తలవాకిలిని రెండు చేతులా బాదింది.

"రెడ్డమ్మా! తలుపు తియ్యి తల్లీ! మా ఆయన మీద దూలం పడిండాది! బతికే ఉండాడు! లోపల్నుంచి పోనియ్యి తల్లీ!"

కాంతమ్మ తలుపు దగ్గరికి పరిగెత్తింది. ఆమె మొహం తెల్లబోయి ఉంది. గడియ మీద చెయ్యి వేసింది. వేసి, ఆగింది.

"వస్తానే ఓబీ, వస్తాన్నే! ఒక్క నిమిషం!"

వెనక్కి పోయి దేవుడింటి తలుపులు మూసింది. గొళ్లెం పడలేదు, మళ్లీ పెట్టింది. అక్కడినుంచి నడవలోకి వచ్చి, బండల పక్కన ఉన్న తాగేనీళ్ల బిందె ఎత్తి వంటింట్లో పెట్టింది. ఇంకో బిందె ఉంది, దాన్నీ పెట్టింది. దండెం మీద మడిబట్ట తీసి లోపల పడేసింది. ఏడుస్తూనే చేసింది ఇదంతా. "అయ్యో, అయ్యో" అనుకుంటూనే చేసింది. బయట ఓబులమ్మ తల పెట్టి గుద్దుతోంది. గోడ అవతల మద్దిలేటి మూడోసారి పిలిచాడు, ఆ పిలుపు నాకు తప్ప ఎవరికీ వినిపించేంత లేదు. నాలుగోసారి పెదవులు కదిలాయి, అంతే.

అప్పుడు కాంతమ్మ తలవాకిలి తీసింది.

ఓబులమ్మ ఆ పదకొండు బండల మీద ఎలా పరిగెత్తిందో ఆమెకు తెలియదు, నాకు తెలుసు. గడియ లాగి లోపలికి పడింది. వాడి మొహం మీద మట్టి తుడిచింది. ఒళ్లు వెచ్చగానే ఉంది. ఊపిరి పోయి ఒక వక్కపలుకు నమిలినంత సేపు కూడా కాలేదు.

ఊరు ఊరంతా "వాడి రాత" అంది. గంగిరెడ్డి వచ్చి చావు ఖర్చులు తానే పెట్టుకున్నానని పదిమందికి పది సార్లు చెప్పాడు. వంకగట్టున చౌడునేలలోనే గేరివాళ్ల బొందలగడ్డ. ఏమీ పండని నేల కాబట్టి చచ్చినవాళ్లకని ఊరు వదిలేసింది. మద్దిలేటిని అక్కడే పూడ్చారు. మూడో రోజు కాంతమ్మ నా నడవలో పదకొండు బండలూ పేడనీళ్లతో కడిగింది. పనిమనిషికి చెప్పకుండా తానే మోకాళ్ల మీద కూర్చుని కడిగింది. ఒక్కో బండ మీదా ఏడ్చింది. కడగడం మాత్రం మానలేదు.

ఆ తర్వాత ఓబులమ్మ కూతురున్న చోటికి వెళ్లిపోయింది. కాంతమ్మ వంట చేస్తూ చేస్తూ, మూసేసిన గవాచి వైపు ఊరికే తలెత్తి చూసేది. రెండేళ్లు అలా చూసి చూసి మంచం పట్టి పోయింది. గంగిరెడ్డి ఆ ఇల్లు కలిసిరాలేదని పట్నంలో కాపురం పెట్టాడు. నాకు తాళం పడింది. ఇల్లు కలిసిరాలేదట! తప్పు చేసింది మనిషి, నింద పడింది వాస్తు మీద. సిద్ధాంతి వచ్చి ఈశాన్యం మూల మూడంగుళాలు పెరిగిందని చెప్పిపోయాడు కూడా. ముప్పై ఏళ్లు గబ్బిలాలు, తేళ్లు, పిచ్చితుమ్మలు నాలో కాపురమున్నాయి. వాటిలో ఏదీ ఇంకోదాన్ని గడప దగ్గర ఆపడం నేను చూడలేదు.

ఇక ఇప్పటి ముచ్చట. చచ్చినవాడి కళ్లు చారెడంటారే, నా విషయంలో అదే జరిగింది. ఎవరో కంపెనీవాళ్లు గంగిరెడ్డి వారసుల దగ్గర నన్ను కొన్నారు. పట్నం జనాలు సెలవులకొచ్చి పాతకాలం పల్లెబతుకు అనుభవించడానికట. చెమట లేని పల్లెబతుకు, పేడ వాసన రాని కొట్టం. పడిపోయిన కొట్టం గోడలు మళ్లీ లేపారు, ఎద్దులు మేత తినే గాళ్లలో మెత్తటి పరుపులు వేశారు. అంతా పాత పద్ధతిలో, స్థానిక మట్టితోనే కట్టాలని వాళ్ల పట్టుదల. మెచ్చుకోవాల్సిందే. కప్పు దగ్గరికి వచ్చేసరికి చౌడు పని తెలిసినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు. అడగ్గా అడగ్గా ఒక పేరు బయటపడింది.

పోయిన వైశాఖంలో ఒక కారు వచ్చి ఆగింది. అందులోంచి ప్రమీల దిగింది. ఆస్పత్రిలో హెడ్ నర్సు ఇప్పుడు, జుట్టు నెరిసింది. చెయ్యి పట్టుకుని తల్లిని దించింది. డెబ్బై దాటిన ఓబులమ్మ, కర్ర పట్టుకుని నా ముందు నిలబడింది. కంపెనీ మేనేజరు కుర్రాడు, పేరు కార్తికేయ, పరుగున వచ్చి దండం పెట్టాడు.

"నమస్కారం ఓబులమ్మ గారూ! మీకోసమే ఎదురుచూస్తున్నాం. లోపలికి దయచెయ్యండి."

ఓబులమ్మ గారు! ఇరవై ఏళ్లు ఓబి, ఏమే ఓబీ అనే మాటలే విన్న నా చెవులకు ఆ 'గారు' ఎలా తగిలిందో ఏం చెప్పను. పని పడితే పేరు కూడా పొడుగవుతుంది.

ఆమె పక్కకు చూసింది. కొట్టం వెనక నిచ్చెన ఉండే చోటు చూసింది. తర్వాత చెప్పులు విప్పబోతే ప్రమీల, "విప్పొద్దుమా" అంది గట్టిగా. ఓబులమ్మ చెప్పులతోనే గడప దాటింది. లోపల వాళ్లు పెట్టిన పాత ఫొటోలూ, ఇత్తడి సామానూ ఏవీ చూడలేదు. గడప దగ్గర నిలబడి కర్రను మొదటి బండ మీద తాటించింది. రెండో బండ. మూడో బండ. పెదవులు కదులుతున్నాయి. కార్తికేయ ఏదో చెప్పబోతే ప్రమీల చెయ్యెత్తి ఆపింది. పదకొండో బండ దగ్గర కర్ర చిన్న తలుపుకు తగిలింది. ఓబులమ్మ ఆ తలుపు గడియ పట్టుకుని, వెనక్కి తిరిగి తలవాకిలి వైపు చూసింది.

"ఇంతేనా?" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. "ఏంటమ్మా?" అన్నాడు కార్తికేయ.

"ఇంతేనా దూరం? శానా పెద్దిల్లు అనుకుంటినే." గడియ వదిలేసింది. "ఇంతేనంట ప్రమీలా."

ప్రమీల మొహం తిప్పుకుంది. నాకు తిప్పుకోవడానికి మొహం లేదు. అన్ని తిట్లూ తిట్టాను, బాలిరెడ్డిని తిట్టాను, గంగిరెడ్డిని తిట్టాను. కానీ ఆ రోజు నడుమ అడ్డంగా నిలబడింది ఎవరు? నేనే కదా. ఏ గాలికో ఆ గడియ ఊడి ఉంటే? నా గోడ కాస్త ముందు పగిలి ఉంటే? గోడనై పుట్టాను, నిలబడటం తప్ప నాకింకేం తెలియదు అని ముప్పై ఏళ్లుగా నాకు నేనే చెప్పుకున్నాను. గంగిరెడ్డి వాస్తును తిట్టుకున్నట్టే నేను గంగిరెడ్డిని తిట్టుకున్నాను, అంతే తేడా.

బయటికి వచ్చాక కార్తికేయ గోనెసంచి తెప్పించాడు. నిండా తెల్లమన్ను. "చౌడు తెప్పించామమ్మా, సరైనదేనా చెప్పండి. మీరు నాలుకతో రుచి చూసి చెప్పేవారట కదా, అది వీడియో తీసుకుంటాం." ఎవరో ఫోను ఎత్తిపట్టారు.

ఓబులమ్మ చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. కళ్లు మూసుకుంది. ఆ మొహంలో ఒక్క క్షణం నేను నా పాత ఓబులమ్మను చూశాను, తట్ట పక్కన పెట్టుకుని గట్టు మీద గొంతుక్కూర్చున్న పిల్లను. తర్వాత ఉమ్మేసింది.

"ఇది కాదు నాయనా. ఉప్పెక్కువ. రెండు వానలకు కరిగిపోతాది."

"మరి మంచిది ఎక్కడ దొరుకుతుందమ్మా? మీరు చూపిస్తే చాలు, ట్రాక్టర్లు పంపిస్తాం."

ఓబులమ్మ కర్ర ఎత్తి వంక వైపు చూపించింది.

"వంకగట్టున మా బొందలగడ్డ ఉండాది. ఆడ మూడో చింతచెట్టుకు ఇవతల తవ్వితే వచ్చాది. దానికి మించిన చౌడు ఈ సీమలో ల్యాదు." కర్ర దించింది. "మా ఆయన మీద ఉండాది. తవ్వుకుంటారా?"

ఫోను పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. కార్తికేయ మంచి కుర్రాడే, కళ్లల్లో నీళ్లు తిరిగాయి కూడా. చెప్పాను కదా, నాకు చెడ్డవాళ్లు తగల్లేదు. ఓబులమ్మ కూతురి భుజం పట్టుకుని కారెక్కింది, నా వైపు మళ్లీ చూడలేదు.

వాళ్లు ఆ నేల తవ్వలేదు. అంతవరకు సంతోషం. వారం రోజులు ఆలోచించి, వానలు దగ్గరపడుతున్నాయని, కార్తికేయ పై అధికారులు ఒక ఉపాయం చెప్పారు. కప్పు మీద ముందు సిమెంటు పోశారు. దానిమీద చూపు కోసం ఆ గోనెసంచి చౌడు పలచగా చల్లించారు. గవాచిలకు గాజుపలకలు బిగించారు, ఫొటోల్లో బాగుంటుందట. రాతిపలక మీద ఇంకో వరస చెక్కించారు: "సంప్రదాయ చౌడు కప్పు."

నిన్న మృగశిర తొలివాన పడింది. పైన చల్లిన చౌడు కరిగి, కప్పు నీళ్లు దిగే దోనెల్లోంచి తెల్లగా కారిపోయింది. పరుపుల మీద పడుకున్నవాళ్లు గాజుపలకల మీద చినుకులు చూసి కేరింతలు కొట్టారు. లోపలి తడి లోపలే ఉండిపోయింది. కొట్టం మీద, కొత్త నడిదూలానికి కుడివైపున, రెండో దంతె మెత్తబడటం మొదలైంది. నాకు తెలుస్తోంది. మడమతో తట్టి చెప్పేవాళ్లు లేరు.